ఊలు బొమ్మకు వెల కట్టు విధము

క్రిస్మస్‌కును, సంక్రాంతి బొమ్మల కొలువునకును బిడ్డల కిచ్చుటకై క్రోషా సూదితో కుందేళ్లను, ఏనుగు గున్నలను, ఎలుగుబంటి పిల్లలను అల్లు వాడుక మన నగరపు తూర్పుభాగమున, అంబర్‌పేట్ మొదలు ఉప్పల్, నాచారముల వఱకు గల కాలనీలలో, కానవచ్చుట మిక్కిలి సంతోషింపదగిన విషయము. కాని యా బొమ్మను చేతికి తీసికొని, ఇంట ఖాళీగా నున్నప్పుడు అల్లినదే కదా, ఇంత ధర యేల యని బేరమాడు అలవాటును మనము విడిచిపెట్టవలెనని నా దృఢాభిప్రాయము.

ఆ బొమ్మ యెట్లు పుట్టునో యొకసారి చూడుడు. నడుమ చిన్న వలయము చేసి, అందు 6 కుట్లు వేసి, రెండవ వరుసలో 12, మూడవ వరుసలో 18, నాలుగవ వరుసలో 24 చొప్పున పెంచుకొనుచు పోగా చదునైన చక్ర మేర్పడును. పెంచుట మాని అన్నే కుట్లతో వరుసలు తిప్పినచో అది గిన్నెవలె లోతు దేలును. పిమ్మట క్రమముగా తగ్గించుచు, నోరు మూతపడకమునుపే పాలిస్టర్ దూది కూరినచో తల సిద్ధమగును. దూది పైకి కనబడకుండుటకై సన్నని సూదితో బిగువుగా అల్లవలెను. ఎడతెగక చుట్లు తిరుగు ఈ యల్లికలో వరుస యెక్కడ మొదలైనదో కంటికి తెలియదు గనుక తొలి కుట్టునకు వేఱు రంగు దారము గుర్తు కట్టుకొనవలెను. లెక్క తప్పినచో విప్పి మరల అల్లుటకంటె గత్యంతరము లేదు. స్వెట్టర్ల యల్లికకు యంత్రములు వచ్చి చాలకాలమైనది. క్రోషా సూది పనిని అట్లే చేయగల యంత్రము మాత్రము నేటికిని వాడుకలోనికి రాలేదు. అంగడిలో నట్టి బొమ్మ యెంత చౌకగా దొరకినను, ఎచ్చటనో యొక చేయి దానిని అల్లియే యుండును.

ఇంట చేయు పనిని తీరికపనిగా ఎంచుటవలన నేమగునో తెలుగువారికి నరసాపురముకంటె మించిన నిదర్శనము లేదు. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి సీమలో నెలకొన్న లేసు అల్లిక, నరసాపురము చుట్టుప్రక్కల వేలకొలది స్త్రీల చేతులలో పెంపొంది, సముద్రములు దాటి విదేశ గృహముల బల్లలపై పఱచుకొన్నది. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ యూళ్లలో పరిశోధించి 1982లో ప్రకటించిన గ్రంథము చదివినవారికి మనసు కలుక్కుమనక మానదు: దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు అల్లు స్త్రీలను శ్రామికులుగా గాక, పొద్దు పుచ్చుకొను గృహిణులుగా ఎంచుటచేతనే వారి కూలి అత్యల్పమై నిలిచినది, ఎగుమతియు, లాభమును పురుషుల పాలయ్యెను. 2024లో ఆ లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించుట గర్వకారణమే. ఆ గౌరవము అల్లిన చేతి కూలిలోనికి దిగిరావలెను గదా.

కావున బొమ్మ వెలను దారపు తూకమునుబట్టి గాక, పట్టిన గంటలనుబట్టి కట్టవలెను. అరచేతిలో నిముడు కుందేలునకైనను అలవాటుపడిన చేతికి కొన్ని గంటలు పట్టును. మూడేండ్లలోపు పసివారి బొమ్మకు పూసలు, గుండీలు కుట్టిన అవి ఊడి గొంతున పడవచ్చును గనుక నల్లదారముతోనే కన్నులు కుట్టవలెను. ఆ జాగ్రత్తయు గంటలలోనిదే. ఇంత యిచ్చుట కష్టమనిపించినవారు తామే సూది పట్టి యొక్క చెవి అల్లి చూతురుగాక.

2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్రను తప్పనిసరి చేసిన కేంద్రప్రభుత్వము, హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయమున నమోదైన కళాకారులు తాము చేసి అమ్ము బొమ్మలకు మినహాయింపు నిచ్చినది. ఉప్పల్‌లోని మినీ శిల్పారామమున డిసెంబరు, జనవరి నెలలలో ఈ బొమ్మలు అల్లు స్త్రీలకు అద్దె లేని బల్లలు కేటాయించి, ఆ నమోదు పత్రములను అచ్చటనే నింపించు ఏర్పాటు చేసినచో, అంబర్‌పేట్ నుండి యైనను నాచారమునుండి యైనను వారు సులభముగా రాగలరు. వచ్చినవారు ప్రతి బొమ్మ మెడలో వెలతోపాటు, దాని నల్లుటకు పట్టిన గంటలను గూడ వ్రాసి కట్టవలెనని నా ప్రార్థన.