అదే తేదీ... ఇరవై రెండేళ్ల తర్వాత

ఆయన దక్షిణాఫ్రికా రగ్బీ జట్టుకు కెప్టెన్. ఎక్కడికెళ్లినా నిరసనలే ఎదురయ్యాయి. ఆ తర్వాత ఆ నిరసనలకు కారణమైన ప్రభుత్వంలోనే మంత్రి అయ్యాడు. చివరికి తన పార్టీ తరఫున నల్లజాతి నేతల ముందు నిలబడి, జరిగినదానికి విచారిస్తున్నామని చెప్పాడు. డావీ డివిలియర్స్ జీవితంలో మైదానం, రాజకీయం ఎప్పుడూ వేరువేరుగా లేవు.

1969 డిసెంబరు 20. లండన్.

ఇంకొన్ని గంటల్లో ఇంగ్లండ్‌తో మ్యాచ్. దక్షిణాఫ్రికా ఆటగాళ్లు దిగిన హోటల్ ముందు బస్సు సిద్ధంగా ఉంది. కొందరు ఎక్కి కూర్చున్నారు. ఇంతలో ఓ యువకుడు వచ్చి, లోపల పిలుస్తున్నారని డ్రైవర్‌ని కిందికి దించాడు. మరుక్షణం తనే ఆ సీట్లో కూర్చుని, గొలుసుతో స్టీరింగ్‌కి తనను తాను కట్టేసుకుని బస్సుని ముందుకురికించాడు. కంగారుపడ్డ ఆటగాళ్లు అతని మీద పడ్డారు. బస్సు వేరే వాహనాలకు గుద్దుకుని ఆగింది. అలా మొదలైన రోజు దక్షిణాఫ్రికా 8-11తో ఓటమిపాలైంది. రగ్బీలో ఆ దేశంపై ఇంగ్లండ్‌కు అదే తొలి విజయం.

ఆ రోజు ఓడిన జట్టు కెప్టెన్ పేరు డావీ డివిలియర్స్. మన క్రికెట్ అభిమానులకు తెలిసిన ఏబీ డివిలియర్స్ కాదు. అతనికన్నా రెండు తరాల ముందువాడు.

తొమ్మిదో నంబరు కుర్రాడు

డావీ 1940 జులై 10న బర్గర్స్‌డార్ప్ అనే ఊళ్లో పుట్టాడు. ఆయనకు ఎనిమిదేళ్లు నిండే వేళకి అక్కడ నేషనల్ పార్టీ అధికారంలోకొచ్చింది. డచ్చి వలసదారుల సంతతివాళ్లు ఎక్కువగా ఉన్న పార్టీ అది. రంగుని బట్టి మనుషులు ఎక్కడ ఉండాలో, ఏ బడిలో చదవాలో, ఎవరిని పెళ్లి చేసుకోవాలో చట్టాలు రాసేసింది. దాని పేరే 'అపార్థీడ్'. ఆఫ్రికానర్లుగా పిలిచే ఆ తెల్లవాళ్లకు చర్చి తర్వాత అంతటిది రగ్బీయే. డావీ ఆ రెంటినీ పట్టుకున్నాడు. ఆఫ్రికానర్ల పెద్ద కుటుంబాల పిల్లలు చదివే స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో చేరి ఒకపక్క మతశాస్త్రం, తత్వశాస్త్రం చదువుతూ మరోపక్క రగ్బీ ఆడాడు. తర్వాత కొంతకాలం తత్వశాస్త్రం పాఠాలు కూడా చెప్పాడు.

రగ్బీ మనకు అంతగా తెలిసిన ఆట కాదు. జట్టుకి పదిహేనుమంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో ముందుకి విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి. రెండుపక్కలా ఎనిమిదేసిమంది భారీకాయులు తలలు ఆనించి ఒకరినొకరు నెట్టుకుంటారు. అదే స్క్రమ్. ఆ కాళ్ల మధ్యలోంచి బయటికొచ్చే బంతిని ఒడుపుగా అందుకుని, వెనక కాచుకుని ఉన్న పరుగుగాళ్లకి చేరవేసేవాడు స్క్రమ్ హాఫ్. వంటిమీద తొమ్మిదో నంబరు ఉంటుంది. దానికి భారీ ఆకారం అక్కర్లేదు. ఎప్పుడు ఎవరికి ఇవ్వాలో తెలియాలి. డావీ స్థానం అదే.

1962లో తొలి టెస్టు ఆడాడు. మూడేళ్లు తిరక్కుండానే కెప్టెన్ అయ్యాడు. మొత్తం 25 టెస్టులాడితే అందులో 22 టెస్టులకి ఆయనే నాయకుడు.

వాళ్ల ఓటమికే చప్పట్లు

ఆ జట్టుని 'స్ప్రింగ్‌బాక్స్' అంటారు. అక్కడి పచ్చికబయళ్లలో తిరిగే ఓ జింకపేరు అది. ఆకుపచ్చ జెర్సీ మీద ఆ జింక బొమ్మ ఉంటుంది. దాన్ని వేసుకునే హక్కు తెల్లవాళ్లకే. దేశంలో అత్యధికులైన నల్లజాతివారికి చోటే లేదు. స్టేడియాల్లో వాళ్లకి విడిగా ఓ మూల కేటాయించేవారు. విచిత్రమేంటంటే, అక్కడ కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టేది విదేశీ జట్టుకి! రాబెన్ ద్వీపంలో ఖైదీగా ఉన్న నెల్సన్ మండేలా, ఆయన సహచరులు కూడా స్ప్రింగ్‌బాక్స్ ఓడిపోవాలనే కోరుకునేవారు.

1965లో డావీ నాయకత్వంలో జట్టు న్యూజిలాండ్ వెళ్లింది. ఆ పర్యటన సాగుతుండగానే స్వదేశంలో ప్రధాని వెర్‌వూర్డ్ ఓ ప్రసంగం చేశాడు. న్యూజిలాండ్ జట్టు తమ దేశానికొచ్చేటప్పుడు అందులో మావోరీలు ఉండకూడదన్నది దాని సారాంశం. మావోరీలు న్యూజిలాండ్ మూలవాసులు. ఆ జట్టులో వాళ్లు లేకుండా ఎలా? 1967లో జరగాల్సిన పర్యటన రద్దయింది.

1970లో మాత్రం వాళ్లొచ్చారు. మావోరీలనూ వెంట తెచ్చుకున్నారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఓ తమాషా ఉపాయం కనిపెట్టింది. వాళ్లని 'గౌరవ శ్వేతజాతీయులు' అంది! ఆ సిరీస్‌ని డావీ జట్టు 3-1తో గెలుచుకుంది. ఆయన కెరీర్‌లో అదే ఆఖరి ఘట్టం.

ముళ్లకంచెల మధ్య ఆట

ఆ గెలుపుకి ముందు నడిచిందే బ్రిటన్, ఐర్లాండ్ పర్యటన. 1969 నవంబరు నుంచి మూడు నెలలు. బస్సు ఎత్తుకెళ్లిన ఘటన అందులో ఒకటి మాత్రమే. ప్రతి మైదానం చుట్టూ వేలమంది నినాదాలు. లోపల భుజం భుజం ఆనించి నిలబడ్డ పోలీసులు. కొన్నిచోట్ల ముళ్లకంచెలు. ఆట మధ్యలో గడ్డి మీదికి దూసుకొచ్చే విద్యార్థులు. హోటల్ గది తలుపు తాళంలో జిగురు పోసినవాళ్లూ ఉన్నారు. స్కాట్లాండ్, ఇంగ్లండ్‌ల చేతిలో ఓటమి, ఐర్లాండ్, వేల్స్‌లతో డ్రా. నాలుగు టెస్టుల్లో ఒక్కటీ గెలవలేదు.

ఆ నిరసనల వెనకున్న ప్రధాన సూత్రధారి వయసు పందొమ్మిదేళ్లు. పేరు పీటర్ హెయిన్. అతనూ తెల్లవాడే. ప్రిటోరియాలో పెరిగాడు. వర్ణవివక్షను ఎదిరించిన తల్లిదండ్రులకు అక్కడ బతుకు సాగక 1966లో కుటుంబం బ్రిటన్ చేరింది. ఆట ఆగితేనే తెల్లవాళ్లకి నొప్పి తెలుస్తుందన్నది అతని లెక్క. అది తప్పలేదు. 1970 వేసవిలో ఇంగ్లండ్ రావాల్సిన దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు పర్యటన రద్దయింది.

ఈ పోరులో మన దేశమూ ఉంది. 1946లోనే దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచుకుంది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కి చేరి కూడా, ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా కావడంతో భారత్ ఆడనంది. కప్పు వాళ్లకే పోయింది.

మైదానం నుంచి మంత్రివర్గానికి

ఇన్ని చూసిన కెప్టెన్ ఏం చేశాడు? ఆ ప్రభుత్వానికి ఎదురు తిరిగాడా? లేదు. 1972లో నేషనల్ పార్టీ టికెట్ మీదే పార్లమెంటుకి వెళ్లాడు. 1979లో లండన్‌లో రాయబారి. ఒకప్పుడు పోలీసు కాపలా మధ్య ఆడిన దేశానికి, ఈసారి ఆ ప్రభుత్వాన్నే సమర్థించే ఉద్యోగం మీద వెళ్లాడన్నమాట. 1980లో పీడబ్ల్యూ బోతా మంత్రివర్గంలో చేరాడు. పరిశ్రమలు, వాణిజ్యం ఆయన చేతికొచ్చాయి.

ఆ దశాబ్దం దక్షిణాఫ్రికాకి మానని గాయం. 1984లో పార్లమెంటుని మూడు సభలు చేశారు. తెల్లవాళ్లకొకటి, మిశ్రమజాతివారికొకటి, భారతీయులకొకటి. నల్లవారికి మాత్రం ఏదీ లేదు. 1860 నుంచి నాటాల్ చెరకుతోటలకి కూలీలుగా వెళ్లినవారి వారసుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. నల్లవారిని బయటపెట్టి తమకిచ్చిన ఈ ఓటు మాకొద్దంటూ అక్కడి భారతీయుల్లో అత్యధికులు ఎన్నికలకి దూరంగా ఉండిపోయారు. ఆ మరుసటేడు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. విచారణ లేకుండా జైళ్లు, వీధుల్లో కాల్పులు. అప్పుడు డావీ మంత్రి పదవిలోనే ఉన్నాడు. ఆయన కథలో దాచడానికి వీల్లేని పేజీ ఇది.

బల్లకి అటూ ఇటూ

1989లో డిక్లార్క్ అధ్యక్షుడయ్యాడు. మరుసటేడు ఫిబ్రవరిలో మండేలా విడుదలయ్యాడు. మే నెలలో కేప్‌టౌన్‌లోని గ్రూట్‌షూర్ భవనంలో ప్రభుత్వం, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మొదటిసారి ఎదురెదురుగా కూర్చున్నాయి. ప్రభుత్వ బృందంలో డావీ ఒకడు. స్క్రమ్‌లోంచి బంతిని బయటికి తెచ్చే పాత పని లాంటిదే ఇదీ. బలమైన రెండు పక్షాలు తలలు ఆనించి నెట్టుకుంటుంటే, మధ్యలోంచి ఏదో ఒకటి కదలాలి.

1991లో రెండు పక్షాలతోపాటు మిగతా పార్టీలూ కలిసి కొత్త రాజ్యాంగం కోసం జొహానెస్‌బర్గ్ దగ్గర కెంప్టన్ పార్కులో సమావేశమయ్యాయి. ఆ చర్చల పేరు 'కోడెసా'. నేషనల్ పార్టీ బృందానికి నాయకుడు డావీ డివిలియర్స్. వర్ణవివక్ష విధానం ఇతరుల హక్కులు లాక్కోవడానికి పెట్టింది కాదనీ, కానీ చివరికి జరిగింది అదేననీ, దాన్నిబట్టి ఎంతో విచారిస్తున్నామనీ ఆ సభలో చెప్పాడు.

ఆ రోజు తేదీ డిసెంబరు 20. లండన్‌లో బస్సు ఎత్తుకెళ్లిన రోజుకి సరిగ్గా ఇరవై రెండేళ్లు! అదే ఏడాది ఏప్రిల్లో పీటర్ హెయిన్ బ్రిటన్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. తర్వాత అక్కడ కేబినెట్ మంత్రి కూడా అయ్యాడు.

ఆ మాట చాలా? చాలదనే చెప్పాలి. ఉద్దేశం మంచిదేనన్న మెలిక అందులో ఉండనే ఉంది. దశాబ్దాలపాటు ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించిన, మనుషుల్ని చెరసాలల్లో చంపిన విధానానికి 'విచారం' అన్న పదం ఎంత చిన్నది! అదే రోజు సాయంత్రం డిక్లార్క్‌ని మండేలా అందరిముందూ తీవ్రంగా నిలదీశాడు కూడా. అయినా, తప్పు జరిగిందని అధికారంలో ఉండగానే ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. గద్దె దిగాక చెప్పడం తేలిక.

పాత ప్రత్యర్థి కొలువులో

ఆ తర్వాత దారి నున్నగా ఏమీ లేదు. 1992 మార్చి 17న తెల్లవాళ్లకి మాత్రమే రెఫరెండం పెడితే 68.7 శాతం సంస్కరణలకే ఓటేశారు. వాళ్ల క్రికెట్ జట్టు అప్పుడు తొలిసారి ప్రపంచకప్ ఆడుతోంది. 'వద్దు' అంటే మళ్లీ వెలి తప్పదన్న భయం ఓటర్లకి ఉంది. ఇరవై ఏళ్ల కిందట నిరసనకారులు వేసిన లెక్క అదే కదా! ఆ ఆగస్టులో రగ్బీ జట్టు కూడా న్యూజిలాండ్‌తో టెస్టు ఆడి అంతర్జాతీయ పోటీల్లోకి తిరిగొచ్చింది. మధ్యలో చర్చలు తెగి, రక్తం చిందింది. 1993లో మళ్లీ మొదలై తాత్కాలిక రాజ్యాంగం తయారైంది. అయిదు శాతం ఓట్లు తెచ్చుకున్న ప్రతి పార్టీకీ మంత్రివర్గంలో వాటా అన్నది అందులో ఒక నిబంధన. 1994 ఏప్రిల్లో అందరూ ఓటేసిన తొలి ఎన్నికల్లో మండేలా గెలిచాడు. ఆ నిబంధన ప్రకారం డావీ ఆయన మంత్రివర్గంలో పర్యావరణం, పర్యాటకం శాఖల మంత్రి అయ్యాడు.

1995లో రగ్బీ ప్రపంచకప్ ఆ దేశంలోనే జరిగింది. జూన్ 24న ఫైనల్లో స్ప్రింగ్‌బాక్స్ 15-12తో న్యూజిలాండ్‌ని ఓడించారు. ఒకప్పుడు వాళ్ల ఓటమిని కోరుకున్న మండేలా అదే ఆకుపచ్చ జెర్సీ తొడుక్కుని కప్పు అందించాడు. ఆ జెర్సీ ఒకనాడు తొడిగిన పాత కెప్టెన్ అప్పటికి ఆ మండేలా మంత్రే.

1996లో నేషనల్ పార్టీ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. డావీ తర్వాత మాడ్రిడ్‌లోని ప్రపంచ పర్యాటక సంస్థలో ఉన్నతాధికారిగా పనిచేశాడు. 2022 ఏప్రిల్ 23న 81 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయన పోయేనాటికి దేశం జట్టుకి కెప్టెన్ సియా కొలిసి. 2018లో టెస్టు జట్టు పగ్గాలు అందుకున్న తొలి నల్లజాతి ఆటగాడు. 2019లో, ఆ తర్వాత 2023లో కూడా అతని జట్టే ప్రపంచకప్ గెలిచింది. డావీ కెప్టెన్‌గా ఉన్న రోజుల్లో కొలిసి లాంటి పిల్లాడు స్టేడియంలో ఎక్కడ కూర్చునేవాడో తెలుసుగా... ఆ మూల, అవతలి జట్టుకి చప్పట్లు కొడుతూ.