నదీమూలం, వంశమూలం

నదుల పుట్టుకనూ, ఋషుల పుట్టుకనూ విచారించరాదని పెద్దల మాట. ఎక్కడ పుట్టినా పారే నీరు పంటకు ఉపయోగపడితే చాలునని, ఏ ఇంట పుట్టినా నేర్పిన విద్య లోకానికి ఉపయోగపడితే చాలునని దాని భావం. తెలుగునాట ఈ మాటను మనం సందర్భం వచ్చినప్పుడు అని ఊరుకొంటాము. కాని విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, బంగాళాఖాతానికి ఆవల ఉన్న అండమాన్ దీవులలో కొన్ని తరాల కుటుంబాలకు ఇది సామెతగా మిగలలేదు. ఇరుగుపొరుగుతో మెలిగే మర్యాదగా మారినది. అక్కడ తాతగారి ఊరు అడగవచ్చును. ఆయన ఆ ఊరు విడిచి ఎందుకు రావలసి వచ్చినదో అడగడం మాత్రం మర్యాద కాదు.

ఈ నెల మా శీర్షికకు వంశవృక్షాన్ని విషయంగా తీసుకొన్నాము. బదిలీలతో, క్వార్టర్లతో గడిచే మన ఉద్యోగ కుటుంబాలకు ఇది పరాయి విషయం కాదు. మన కాలనీలలో పెరిగే పిల్లలకు పక్క బ్లాకులోని అంకుల్ పేరు తెలిసినంతగా తాతగారి అన్నదమ్ముల పేర్లు తెలియవు. శ్రాద్ధకర్మలో వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా తండ్రిని, తాతను, ముత్తాతను స్మరిస్తాము. అంటే మూడు తరాల పేర్లను ఆచారం కాపాడుతున్నది. ఆ పైన ఉన్నవారు జ్ఞాపకం నుండి జారిపోతారు. ఆరు తరాలు వెనుకకు వెళ్ళితే ఒక్కొక్కరికి అరవైనలుగురు పూర్వులు లెక్కకు వస్తారు. వారిలో ఎందరి పేర్లు చెప్పగలమో ఎవరికి వారు పరీక్షించుకోవచ్చును.

అండమాన్ కథ సరిగా ఆ ఆరు తరాల దూరంలోనే మొదలవుతుంది. 1858 మార్చి 10వ తేదీన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. 1857 తిరుగుబాటులో పట్టుబడినవారిని ఉంచడానికి ఏర్పడిన ఆ ద్వాంతర శిక్షాస్థలానికి తరువాత దేశం నలుమూలల నుండి శిక్షపడినవారిని పంపించారు. మన ప్రాంతమూ అందులో ఉన్నది. 1857 జులై 17న హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీపై జరిగిన దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు. ఆయన అక్కడనే కన్నుమూశారు. 1879-80లో గోదావరి మన్యంలో రేగిన రంప తిరుగుబాటు అణగిన తరువాత పలువురు గిరిజనులు సముద్రం దాటించబడ్డారు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో మొదలై, 1924 మే 7న అల్లూరి సీతారామరాజు మరణంతో ముగింపునకు వచ్చిన పోరాటంలోని అనుచరులకూ అదే గతి పట్టినది. వారిలో గాం మల్లుదొర విడుదలై తిరిగి వచ్చి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుండి ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులోని ప్రతివాది భయంకరాచారి కూడా 1930లలో ఆ జైలు చూసినవారే.

చరిత్రలో పేరు దక్కినవారు కొందరే. పేరు దక్కనివారు వేలలో ఉన్నారు. దేశభక్తుల పక్కనే హత్యానేరానికో దోపిడీకో శిక్షపడినవారు కూడా ఉన్నారు. శిక్షలో కొన్నేళ్ళు గడిపి సత్ప్రవర్తన చూపినవారికి భూమి ఇచ్చి, స్వయంగా బ్రతకడానికి అనుమతించేవారు. అటువంటివారు స్త్రీ ఖైదీలను పెండ్లాడి కాపురాలు పెట్టుకొన్నారు. వరుడు ఒక ప్రాంతం, వధువు మరొక ప్రాంతం. కులం వేరు, భాష వేరు, ఒక్కొక్కచోట మతమూ వేరు. ఇంటి భాష హిందుస్తానీ అయినది. ఆ సంతతినే అక్కడ 'లోకల్ బార్న్' అని పిలుస్తారు. ఒక తెలుగు తాత మనుమడికి తెలుగు రాకపోవడంలో వింత లేదు. ఆయన ఇంటిపేరు కూడా ఆ ఇంట మిగిలి ఉండకపోవచ్చు.

ఇంటిపేరు పోవడం చిన్న విషయం కాదు. తెలుగువారి వంశ పరిశోధనకు ఇంటిపేరే తాళంచెవి. శిక్షాస్థలంలో మనిషి మెడకు ఒక కొయ్యబిళ్ళ కట్టేవారు. దానిమీద అతని నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష తేదీ, విడుదల తేదీ ఉండేవి. పేరు రిజిస్టరులో ఉండేది. ఆ పేరును తెలుగు తెలియని గుమాస్తా తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో వ్రాసేవాడు. వెంకన్న ఒక కాగితంలో ఒక తీరుగా, మరొక కాగితంలో వేరొక తీరుగా కనబడతాడు. మన్యంవారి పేర్ల చివర ఉండే 'దొర' అన్నది గౌరవవాచకం. దానిని ఇంటిపేరని భ్రమపడితే సంబంధం లేని వారందరూ ఒకే వంశీయులైపోతారు.

పేర్ల విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం మన ఆచారం. తాత పోతయ్య, తండ్రి లక్ష్మయ్య అయితే, కొడుకు మరల పోతయ్య అవుతాడు. అన్నదమ్ములు ముగ్గురూ తమ పెద్దకొడుకులకు అదే పేరు పెడితే ఒక్క ఊరిలో ముగ్గురు పోతయ్యలు తయారవుతారు. ఈ ఆచారం వంశాన్ని గుర్తుపట్టడానికి సాయపడుతుంది. తాతనూ మనుమడినీ ఒక్కరిగా చూపించి మోసమూ చేస్తుంది. అందుచేత ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, భార్య పేరు, సుమారు సంవత్సరం తప్పక వ్రాసుకోవాలి.

ఊరి పేరు దొరికిన తరువాత జిల్లా చిక్కు వస్తుంది. ముత్తాతది గంజాం జిల్లా అని పాత కాగితంలో ఉంటే, ఆయన ఒరియావాడని తొందరపడరాదు. నేటి శ్రీకాకుళం పట్టణం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లాలోనే ఉండేది. తరువాత విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయినది. 1979లో విజయనగరం జిల్లా, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాయి. ఊరు కదలలేదు, జిల్లా మాత్రం పలుమార్లు మారినది. కాబట్టి ఏ సంవత్సరపు కాగితమో చూసి, ఆనాటి తాలూకా, ఆనాటి జిల్లా ప్రకారం వెదకాలి.

ఇక కాగితాలు ఎక్కడ? 1942 నుండి 1945 వరకు దీవులు జపాను ఆక్రమణలో ఉన్నాయి. ఆ కాలంలో అక్కడి రికార్డులు చాలావరకు నశించాయి. 2004 డిసెంబరు 26నాటి సునామీలో కొట్టుకుపోయిన ఇళ్ళతో పాటు పెట్టెలూ, పెట్టెలలోని కాగితాలూ పోయాయి. అయినా ఆశ వదులుకోనక్కరలేదు. శిక్ష వేసిన కోర్టు ఇటువైపే ఉన్నది. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, భారత ప్రభుత్వ హోంశాఖ పోర్టు బ్లెయిర్ వ్యవహారాలు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. నిజాం రాజ్యానికి సంబంధించినవి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెదకవచ్చు. అండమానులో నంబరు దొరికితే, దాని ద్వారా శిక్ష, శిక్ష ద్వారా జిల్లా, జిల్లా ద్వారా ఊరు, ఊరిలో ఇంటిపేరు దొరకవచ్చును. 1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారకంగా అంకితమైన సెల్యులర్ జైలులో రాష్ట్రాలవారీగా చెక్కిన స్వాతంత్ర్య యోధుల పేర్లు కూడా ఒక ఆధారమే.

ఈ విషయంలో మనకంటె విదేశాలకు కూలీలుగా వెళ్ళినవారి సంతతి అదృష్టవంతులనవచ్చు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' అనే ఓడ 342 మందితో దర్బాను చేరినది. ఆ ఓడల పట్టీలలో ప్రయాణికుని పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాసి ఉంచారు. మారిషస్‌లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ అటువంటి రిజిస్టర్లను భద్రపరచి, వారసులకు చూపుతున్నది. నాలుగైదు తరాల తరువాత అక్కడివారు ఒక కాగితం చేతపట్టుకొని తమ తాతల ఊరి పొలిమేరకు వస్తున్నారు. కూలీ ఒప్పందాన్ని చెప్పుకోవడానికి వారికి సంకోచం లేదు. శిక్షను చెప్పుకోవడానికి అండమాన్ కుటుంబాలలో సంకోచం ఉండేది. చాలా వంశాలు తెగిపోవడానికి ఆ సంకోచం కూడా ఒక కారణం.

దీవులలోని తెలుగువారందరూ ఖైదీల సంతతి అనుకోరాదు. స్వాతంత్ర్యానంతరం శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి మత్స్యకార కుటుంబాలు ఎన్నో వెళ్ళి స్థిరపడ్డాయి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో తెలుగు వినబడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. ఈ కుటుంబాలకు కోర్టు కాగితాలు ఉండవు. వీరికి ఆధారం ఇలవేల్పు. ఏ గంగమ్మకు, ఏ పేరంటాలికి మొక్కుతారో తెలిస్తే ఏ ఊరి తీరం నుండి పడవ ఎక్కారో ఊహించవచ్చు.

ఇంతకూ ఇదంతా ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. మొదటి కారణం లోకికమైనది. అండమాన్ పాలనలో వెనుకబడిన తరగతుల జాబితాలో 1942కు ముందునుండి ఉన్న కుటుంబాల సంతతి ఒక వర్గం. ముత్తాత ఎప్పుడు వచ్చాడో రుజువు చేయగలిగిన పిల్లవాడికి చదువులోనూ ఉద్యోగంలోనూ అవకాశం ఉన్నది. ఒకనాడు దాచిపెట్టిన కాగితమే నేడు మునిమనుమడికి అక్కరకు వస్తున్నది.

రెండవ కారణం ఇటువైపు ఒడ్డున ఉన్నది. సముద్రం దాటినవాడు తిరిగి రాడనుకొని ఎన్ని ఇళ్ళలో ఆశ వదులుకొన్నారో! భార్య, బిడ్డలు, అన్నదమ్ములు ఇక్కడ మిగిలారు. వారికీ వంశాలు పెరిగాయి. ఇరువైపులా ఉన్నది ఒకే రక్తం. వరుసకు అన్నదమ్ములు, వదినా మరదళ్ళు. అయితే మన భాషలో 'దాయాది' అన్న మాటకు బంధుత్వంతో పాటు పోటీ అనే అర్థం కూడా అంటుకొన్నది. ముక్కూముఖం తెలియనివాడు వచ్చి మీ ముత్తాతా మా ముత్తాతా అన్నదమ్ములని చెప్పితే, ఆస్తిలో భాగానికి వచ్చాడేమోనని ఇంటివారు అనుమానించడం సహజం. అందుచేత బంధువులను వెదికేవారు తొలి ఉత్తరంలోనే తమకు భూమిపై ఆశ లేదని స్పష్టంగా వ్రాయడం మంచిది. ఎదుటివారు మాట్లాడడానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టరాదు. నేరం సంగతి బయటపడితే దానిని నలుగురిలో చెప్పే ముందు ఆ కుటుంబంలోని పెద్దల అనుమతి తీసుకోవాలి.

పూర్వం ఈ పనికి మన సమాజంలో ప్రత్యేకమైన మనుషులే ఉండేవారు. పిచ్చుకుంట్లవారు రెడ్డి కుటుంబాల గోత్రాలు, వంశావళులు పాడేవారు. భట్రాజులు రాజవంశాలను కీర్తించేవారు. గయలోని పండాలు యాత్రికుల పేర్లు, ఊళ్ళు తమ పుస్తకాలలో వ్రాసి ఉంచేవారు. తాతగారు గయకు వెళ్ళివచ్చి ఉంటే అక్కడ ఆయన పేరు దొరకవచ్చు. ఈ రోజులలో జన్యు పరీక్షలు వచ్చాయి. అవి ఇద్దరికి బంధుత్వం ఉన్నదని చెప్పగలవు. ఏ ఊరో, ఏ ఇల్లో, ఏ పేరో చెప్పలేవు. అది పెద్దవారి నోట వినవలసిందే.

కనుక ఈ సెలవులకు స్వగ్రామం వెళ్ళే మిత్రులకు మా మనవి. ఒక నోటుపుస్తకం తీసుకొని ఇంటిలో అందరికంటె పెద్దవారి దగ్గర కూర్చోండి. ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు, ఊరు, ఆనాటి తాలూకా వ్రాయండి. తల్లివైపు వారిని మరువకండి. మన వంశవృక్షాలలో స్త్రీల పేర్లే మొదట మాయమవుతాయి. "ఊరు విడిచి వెళ్ళి తిరిగి రానివారు ఎవరైనా ఉన్నారా?" అన్న ప్రశ్న తప్పక అడగండి. జవాబు చెప్పడానికి అవ్వ కొంచెం తడబడితే తొందరపెట్టకుండా ఆగండి. ద్వీపాలలో పనిచేస్తున్న మన సహోద్యోగులు అటువైపు నుండి ఇదే పని చేస్తే, రెండు నోటుపుస్తకాలలో ఒకే ఊరి పేరు కనబడే రోజు రావచ్చును.