ముగింపు ముందే చెప్పకండి!

రాయదుర్గం వెళ్లే మెట్రోలో పొద్దున తొమ్మిదింటికి నిలబడటానికే చోటుండదు. అయినా ఆడవాళ్ల వైపు ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో నవల పట్టుకున్న అమ్మాయి రోజూ ఒకరైనా కనిపిస్తుంది. మెడలో ఐడీ కార్డు, వీపున లాప్‌టాప్ సంచీ. ఏం పుస్తకమా అని మెడ సాచి చూడటం నాకు చిన్నప్పటి జబ్బు. ఎక్కువగా కంటబడేవి రెండే. ఫ్రీడా మెక్‌ఫాడెన్ 'ది హౌస్‌మెయిడ్', కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అస్'. ఒకటి భయపెట్టేది, ఇంకోటి ఏడిపించేది. చూసీ చూసీ ఉండబట్టలేక నేనూ కొని చదివాను.

'ఆఫీసులో అంత పని చేసి మళ్లీ ఆ హత్యల పుస్తకాలేమిటే' అని విసుక్కునే తల్లులు నాకు తెలుసు. ఈ మాట మనమూ పడ్డవాళ్లమే. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు ఆ పత్రిక కోసం ఇంట్లో యుద్ధాలు జరిగేవి కాదూ! రాత్రి బావి దగ్గరికి వెళ్లాలంటే చెల్లిని తోడు తీసుకెళ్లేవాళ్లం. అది గంజాయి దమ్మని రంగనాయకమ్మగారు ఏకంగా పుస్తకమే రాశారు. ఆవిడ వాదనలో న్యాయం ఉంది. చేతబడిని నమ్మించే కథ ఎంత పట్టుగా రాస్తే అంత ప్రమాదమే. అయినా చదవడం మానామా? లేదు.

అయితే ఇప్పటి భయం చేతబడిది కాదు, ఇంట్లోది. 'హౌస్‌మెయిడ్'లో పనికి కుదిరిన మిల్లీకి ఇచ్చిన అటకమీది గదికి గొళ్లెం బయటివైపే ఉంటుంది. పౌలా హాకిన్స్ 'ది గర్ల్ ఆన్ ది ట్రైన్' (2015)లో రేచెల్ రోజూ రైలు కిటికీలోంచి చూసిన సంగతి చెబితే, తాగుబోతు మాటని ఎవరూ నమ్మరు. తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేని స్థితికి ఆమెని తెచ్చిందెవరన్నదే ఆ నవల.

ఈ కారిడార్‌లో భయం పుస్తకాల్లోంచి పుట్టలేదు. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో ఒక మాల్ దగ్గర కారెక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి జరిగిన ఘోరం మనమెవరం మరిచిపోలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో నగరంలో షీ టీమ్స్ మొదలయ్యాయి. ఈనాటికీ రాత్రి షిఫ్టు నుంచి వచ్చే అమ్మాయి బండి నంబరు ఇంటికి పంపి గానీ తలుపు వేసుకోదు. అలాంటి పిల్ల థ్రిల్లర్ చదివితే భయం కోసం చదువుతోందనుకోను. పుస్తకంలో భయానికి ఒక చివరి పేజీ ఉంటుంది. పైగా ఆ పేజీకి వచ్చేసరికి ఆడదాని మాట ఎవరో ఒకరు నమ్ముతారు.

అలాగని అన్నీ మెచ్చుకోలేను. అలెక్స్ మైఖేలిడీస్ 'ది సైలెంట్ పేషెంట్' (2019) ఊపిరి బిగబట్టి చదివిస్తుంది, నిజమే. భర్తని కాల్చి, ఆపైన మాట్లాడటమే మానేసిన అలీసియా మనసులోకి వెళ్తామనుకుంటే, రచయిత ఆఖరి గారడీ కోసం ఆమెని పక్కన పెట్టేశాడనిపించింది. గారడీ తెలిశాక రెండోసారి చదవడానికి ఏమీ మిగల్లేదు. కెయిగో హిగాషినో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' అలా కాదు. వేధిస్తున్న మాజీ భర్తని ఒక తల్లి చంపిందని మొదట్లోనే చెప్పేస్తాడు. ఇంకేం దాచాడు అనుకుంటూనే చివరిదాకా చదువుతాం. నేను రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఏడ్చాను.

ఏడుపంటే గుర్తొచ్చింది, హూవర్ సంగతి. పూలకొట్టు పెట్టుకున్న లిల్లీ, అందగాడైన డాక్టర్ రైల్. మన 'నవలానాయకుడు' అమెరికా వెళ్లాడా అనుకున్నాను! ఆరడుగులు, కారు, డబ్బు, ముక్కుమీద కోపం. మన తరం ఆ కోపాన్ని ప్రేమ అనుకుని మురిసింది. చెయ్యి గట్టిగా పట్టుకుంటే సిగ్గుపడింది. ఇక్కడ ఆ కోపం చెంపదెబ్బ అవుతుంది. లిల్లీ ఒకసారి క్షమిస్తుంది, ఇంకోసారి సాకు వెతుకుతుంది. తండ్రి చేతిలో దెబ్బలు తిన్న తల్లిని 'ఎందుకు వదిలి రాలేదు' అని తప్పుపట్టిన పిల్లే అలా చేస్తుంది. రచన కొన్నిచోట్ల పలచన, పాకం మరీ ఎక్కువ. కానీ తల్లిని తప్పుపట్టిన నోరు తనకి తనే జవాబు చెప్పుకోలేకపోయిన ఆ పేజీలు మటుకు మన ఇళ్లలో చదవాల్సినవే. పక్క ఫ్లాట్‌లోంచి వినబడే ఏడుపుకి టీవీ సౌండు పెంచుకునేవాళ్లం కాదూ మనం!

నా బాధల్లా వేరు. ఈ కారిడార్‌లోనే ఒక పెద్ద మాల్‌లోని పుస్తకాల షాపులో తెలుగు నవలలెక్కడ అని అడిగితే, కుర్రాడు పిల్లల బొమ్మల పుస్తకాలు చూపించాడు. 1960ల్లో యద్దనపూడి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో వచ్చినప్పుడు, ఆఫీసుకెళ్లే ఆడపిల్ల మన వీధిలో అరుదు, జయంతి మాత్రం మన ఇంట్లో ఉంది. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఒక తరం ఆడపిల్లలు ఇక్కడ ఉద్యోగాలు చేశారు. హాస్టల్ చారు, అప్రైజల్, ఇంటికి పంపే డబ్బు, పెళ్లిచూపుల్లో జీతం అడిగే అత్తగార్లు... ఒక్కో దానిలో ఒక్కో నవల ఉంది. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం పుస్తక ప్రదర్శనలో కుర్రకారు తెలుగు స్టాళ్ల దగ్గర తోసుకోవడం చూస్తుంటే కొనేవాళ్లు లేరనడం అబద్ధమని తెలుస్తుంది. రాసేవాళ్లు మాదాపూర్ హాస్టల్ మెట్లెక్కాలి.

మెట్రోలో పరిచయమైన ఒకమ్మాయికి నా పాత 'సెక్రటరీ' ఇచ్చాను. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం కూడబలుక్కోవడమే. పది రోజుల తర్వాత దుర్గం చెరువు స్టేషన్ దగ్గర నా పక్కకి తోసుకొచ్చి, 'ఆంటీ, జయంతి ఉద్యోగం మానేస్తుందా?' అంది. చెప్పమని బతిమాలింది. నేను చెప్పలేదు.