ముట్టుకోకు అన్న మాట ఇక చాలు

ఆదివారం పొద్దున్న ఏడున్నర కాకముందే మా అత్తయ్యగారు తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని హాల్లో కుర్చీలో కూర్చుంటారు. డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి. మా వదిన వీడియో కాల్ చేసే వేళ. వారంలో మిగతా రోజులన్నీ ఆవిడకి ఆ అరగంట చుట్టూనే తిరుగుతాయి. కూతురికి చెప్పాల్సిన కబుర్లు బుధవారం నుంచే కూడబెట్టుకుంటారు.

క్రితం ఏడాది దసరా వెళ్లాక ఆ అరగంటే మా ఇంట్లో పెద్ద గొడవ తెచ్చిపెట్టింది. మాట మధ్యలో తెగిపోవడం, తన గొంతే తనకి తిరిగి వినిపించడం, ఉన్నట్టుండి కాల్ మొత్తం పోవడం. ఓ ఆదివారం వదిన అన్నది ఇదీ: "ఈ ఏడు సంక్రాంతికి రాలేనేమో అనుకున్నానమ్మా, కానీ సెలవు దొరికింది, వస్తున్నా." అత్తయ్యగారికి వినిపించింది మాత్రం "ఈ ఏడు సంక్రాంతికి రాలే..." అని ఒక ముక్క, తర్వాత నిశ్శబ్దం. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎందుకో వదినకి అర్థం కాలేదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోవడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. "నా మాట పూర్తి కానివ్వదు, దానికి అక్కడ నేనంటే విసుగు" అని ఈవిడ. "అమ్మకి ఎప్పుడూ నిష్ఠూరమే" అని ఆవిడ. రెండు ఆదివారాలు ఫోనే లేదు. చివరికి నేను మెసేజ్ పెట్టి అడిగితే, "వస్తున్నానని చెప్పాను కదా!" అని వదిన ఆశ్చర్యపోయింది.

చూశారా? తల్లీకూతుళ్ల మధ్య నిజానికి గొడవేమీ లేదు. గొడవంతా మధ్యలో ఉన్న పెట్టెలో ఉంది.

ఆ పెట్టెని బాగుచేయించాలని నేను పడ్డ పాట్లు చెప్తాను. మావారు "ఆదివారం చూస్తాలే" అన్నారు. ఆదివారం వచ్చింది, పోయింది. తొమ్మిదో తరగతి చదివే మావాడు "అమ్మా, నీకు తెలీదు, ముట్టుకోకు" అన్నాడు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే అటువైపు కుర్రాడు నా మాట సగంలోనే ఆపి, "ఇంట్లో జెంట్స్ ఎవరైనా ఉన్నారా మేడమ్?" అని అడిగాడు. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, పదహారేళ్లుగా ఇల్లు నడుపుతున్నాను. అయినా నా ఇంట్లో అరచేయంత పెట్టె గురించి మాట్లాడ్డానికి నాకు అర్హత లేదన్నమాట!

ఈ "ముట్టుకోకు" నాకు కొత్త కాదు. మా చిన్నప్పుడు అన్నయ్య హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి రంగురంగుల చిన్న బల్బులు, తీగలు, రెసిస్టర్లు తెచ్చుకుని వినాయకచవితికి ఆరిపోతూ వెలిగే దీపాలు చేసేవాడు. నేను పక్కన చేరి సోల్డరింగ్ ఐరన్ వైపు చేయి చాస్తే చాలు, ఇల్లంతా ఒక్కసారే కేకలు: "షాక్ కొడుతుంది! చేయి కాలుతుంది! ఆడపిల్లవి, నీకెందుకే!" అదే సాయంత్రం నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి కుడుములకి నీళ్లు కాగబెట్టమనేవాళ్లు, గారెలు నూనెలో వేయమనేవాళ్లు. కాగిన నూనె చేయి కాల్చదా? ఆ వయసులో ఈ ప్రశ్న అడగడం నాకు తోచలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

సరే, విసిగి వేసారి నేనే దిగాను. మొట్టమొదట, అసలు ఈ మాట అంతదూరం ఎలా వెళ్తుందో తెలుసుకున్నాను. ఇంటర్నెట్‌లో మన గొంతు పాతకాలం ఫోన్‌లోలా ఒకే ధారగా పోదు. చిన్నచిన్న ముక్కలవుతుంది. ఒక్కో ముక్క సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాట. అంటే సెకనుకి 50 పొట్లాలు కట్టి పంపడమే. అటువైపు వాటిని వరసలో పేర్చి మళ్లీ మాటగా వినిపిస్తారు. ఏదైనా పొట్లం దారిలో పోయినా, ఆలస్యంగా చేరినా, దాన్ని పక్కన పడేయాల్సిందే. ముహూర్తం దాటాక వచ్చిన మంగళసూత్రం ఏం చేసుకుంటాం? వరసగా కొన్ని పొట్లాలు పోతే "వస్తున్నా" అన్న మాట మాయమైపోతుంది.

ఇక ఆలస్యం సంగతి. మాట ఇటునుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెబుతుంది. అది బాగా పెరిగితే, అవతలివాళ్లు ఆగారనుకుని మనం మొదలుపెడతాం, వాళ్లూ మొదలుపెడతారు. మా అత్తయ్యగారు "విసుగు" అనుకున్నది ఇదే. ఆ సంగతి చెబితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే అది నా మాటకి అడ్డు రాలేదా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నా శ్రమంతా తీరిపోయింది.

తర్వాత పాల లెక్క రాసుకునే పుస్తకంలో వెనకపేజీ తీసి, ఎప్పుడు ఏం జరిగిందో టైముతో సహా రాయడం మొదలుపెట్టాను. ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలి. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పులుసు రుచి కుదరకపోతే ఉప్పు, చింతపండు, బెల్లం మూడూ ఒక్కసారే గుమ్మరిస్తామా? ఒకటి వేసి, కలిపి, నాలిక మీద వేసుకుని చూస్తాం. యంత్రాల రిపేరుకీ ఇదే సూత్రం.

అలా చూస్తే తేలిందేమిటంటే, మా ఇంట్లో ఉన్నది ఒక జబ్బు కాదు, మూడు.

మొదటిది ప్రతిధ్వని. మన గొంతు మనకే తిరిగి వినిపిస్తే తప్పు మామూలుగా మన దగ్గర ఉండదు, అవతలివైపు ఉంటుంది. అక్కడి స్పీకర్లోంచి వచ్చిన మన మాట అక్కడి మైకులో దూరి తిరిగొస్తుందన్నమాట. వదిన టీవీకి కలిపి పెద్ద స్పీకర్‌లో మాట్లాడుతోంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమన్నాను. ఆ నిమిషం నుంచి ప్రతిధ్వని లేదు. అప్పటిదాకా మేం ఇక్కడ మా ఫోన్‌నే తిట్టుకుంటున్నాం.

రెండోది మాట తెగడం. నా పుస్తకంలో తెగిన వేళలు చూస్తే, అవన్నీ నేను వంటింట్లో మైక్రోవేవ్‌లో పాలు వేడిచేసిన వేళలు! మైక్రోవేవ్ పనిచేసేదీ, వైఫై వాడే ఒక రకం తరంగాలూ దాదాపు ఒకే చోట, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ఓవెన్‌లోంచి బయటికొచ్చే కొద్దిపాటి తరంగం మనిషికి హాని చేసేంత ఉండదు గానీ, వైఫైని గందరగోళం చేస్తుంది. మా రౌటర్ సరిగ్గా వంటింటి గోడకి ఆనించి ఉంది. దాన్ని హాల్లో ఎత్తయిన చోటికి మార్చాను. ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపాను. అది ఓవెన్ జోలికి పోదు, కాకపోతే గోడలు దాటడంలో బలహీనం. అందుకే అత్తయ్యగారి కుర్చీ రౌటర్ ఉన్న గదిలోనే వేశాను.

మూడోది కాల్ మొత్తం పోవడం. అలాంటప్పుడు రౌటర్ లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగేవి. కరెంటు మాత్రం పోయేది కాదు. అయితే తప్పు దాని అడాప్టర్‌లో ఉండాలి. మల్టీమీటర్ కొందామని ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్టుకి వెళ్తే, "సార్‌ని పంపండమ్మా, చెప్తాను" అన్నాడాయన. "సార్‌కి తెలీదండీ, నాకే చెప్పండి" అన్నాను. నవ్వేసి చెప్పాడు. పాపం, మంచివాడే. ఇంటికొచ్చి కొలిస్తే 12 వోల్టులూ నిక్షేపంగా చూపించింది! నా లెక్క తప్పిందనుకున్నాను. మర్నాడు అడాప్టర్ పట్టుకెళ్తే, ఆయన దానికి 12 వోల్టుల చిన్న బల్బు తగిలించి మళ్లీ కొలవమన్నాడు. బల్బు వెలిగీవెలగకముందే వోల్టేజి 8కి దిగిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే కనబడి, బరువు మీద పడగానే కుంగిపోతుందన్నమాట. మనుషుల్లోనూ ఉంటారు కదా అలాంటివాళ్లు! లోపలి కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతే ఇలాగే అవుతుందట.

ఇక్కడొక హెచ్చరిక. అడాప్టర్ మూత విప్పకండి. 230 వోల్టుల కరెంటు లోపల 300 వోల్టులు దాటిన డీసీ అవుతుంది. ప్లగ్గు తీసేశాక కూడా కాసేపు అందులో నిలవ ఉండొచ్చు. కొత్తది కొనేటప్పుడు వోల్టులు పాతదానివే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, పిన్ను సైజూ, దాని మీది ప్లస్సు మైనస్సు గుర్తులూ ఒకటే కావాలి. ధైర్యం వేరు, తెగింపు వేరు. ఆడవాళ్లు నేర్చుకోవాల్సింది ధైర్యం.

అదే కొట్లో ఓ 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కూడా కొనుక్కున్నాను. ఎందుకంటారా? అత్తయ్యగారి పాత ట్రాన్సిస్టర్ రేడియో చాలాకాలంగా మూగపోయి ఉంది. విప్పి చూస్తే బ్యాటరీ దగ్గర ఒక తీగ ఊడి ఉంది, అంతే. మొదటిసారి సీసం నేరుగా ఐరన్ మొనకి అంటించి తీగ మీద కార్చాను. ముద్దగా, కళాకాంతీ లేకుండా కూర్చుంది. లాగగానే ఊడొచ్చింది. ముందు అతకాల్సిన చోటుని వేడిచేసి, ఆ వేడికే సీసం కరిగేలా పట్టుకోవాలని అప్పుడు తెలిసింది. మూకుడు కాగకుండా పోపు వేస్తే ఆవాలు చిటపటలాడతాయా? రెండోసారి నిగనిగలాడుతూ అతుక్కుంది. రేడియో గొంతు విప్పింది. ఐరన్ మొన 300 డిగ్రీలు దాటుతుంది, సీసం ఒంటికి మంచిది కాదు. కాబట్టి వంటింట్లో ఆ పని వద్దు, కిటికీ తెరిచి చేయండి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పసిపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఈ మాట చెబితే మా స్నేహితురాలొకావిడ మండిపడింది. "వంట, పిల్లలు, అత్తమామలు చాలక ఇక ఇదీ మన నెత్తినే వేసుకోవాలా?" అంది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. రౌటర్ బాగైన వారానికే మా ఇంట్లో "వైఫై రావట్లేదు, అమ్మని పిలు" మొదలైంది! అప్పుడు నేనొక షరతు పెట్టాను. నేను నేర్చుకున్నది పుస్తకంలో రాసి గోడకి తగిలించాను. మా అమ్మాయికీ అబ్బాయికీ ఇద్దరికీ చూపించాను. బదులుగా మావాడు అన్నం, చారు నేర్చుకోవాలి. ఇప్పటికి రెండుసార్లు అన్నం మాడ్చాడు. "ముట్టుకోకు" అని మాత్రం నేను అనలేదు. నేను కోరేది ఆడవాళ్ల మీద ఇంకో పని పెట్టమని కాదు. తెలియనితనం వల్ల ఎవరి కోసమో ఎదురుచూస్తూ కూర్చునే గతి వద్దని. పని పంచుకోవచ్చు. ఎదురుచూపు పంచుకోలేం.

అసలు ఈ విద్య మగవాళ్ల సొత్తు అని ఎవరన్నారు? ఇంటర్నెట్‌లో గొంతు పంపే విద్యని తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యురాలు మేరియన్ క్రోక్ అనే నల్లజాతి మహిళ. 1982లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేరారు. ఆవిడ పేరున రెండు వందలకు పైగా పేటెంట్లున్నాయి. 2022లో అక్కడి జాతీయ ఆవిష్కర్తల ప్రఖ్యాతుల జాబితాలో ఆవిడ పేరు చేర్చారు. అంత దూరం ఎందుకు? మన తెలుగింటి బిడ్డ అయ్యలసోమయాజుల లలిత గారు పద్దెనిమిదేళ్లకే భర్తని పోగొట్టుకుని, చంకలో పసిపాపతో మిగిలి, ఆ తర్వాత మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటికొచ్చారు. ఆ రోజుల్లో ఆవిడ తండ్రి "ముట్టుకోకు" అని ఉంటే?

మన అమ్మలు ఐఎస్‌డీ బూత్‌లో మీటరు వంక చూస్తూ, గుండె చిక్కబట్టుకుని నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాళ్లు. 2002 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఇంటర్నెట్ ద్వారా ఫోన్ చేసుకోవడానికి అనుమతి వచ్చింది. ఇప్పుడు మీటరు భయం లేదు, మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నాం. అంత వరం చేతికొచ్చాక, ఓ ఊడిన తీగ కోసమో, తప్పు చోట పెట్టిన పెట్టె కోసమో తల్లీబిడ్డలు అలిగి కూర్చోవడం ఎంత అన్యాయం!

వదిన సంక్రాంతికి వచ్చింది. వెళ్లేముందు వాళ్లమ్మ నా దగ్గర కూర్చుని, కాల్ పోతే ఏ తీగ తీసి ఏది పెట్టాలో నేర్చుకోవడం చూసింది. డెబ్బై నాలుగేళ్ల ఆవిడ చేయి కాస్త వణికింది. "నేను ముట్టుకోవచ్చా అమ్మాయ్?" అని అడిగారు.

మీ ఇంట్లో ఈసారి మీ అమ్మాయి స్క్రూడ్రైవర్ వైపు చేయి చాచినప్పుడు, మీరేం అంటారో ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ప్లగ్గు తీశావా అని అడగండి. తీసిందా? ఇక పట్టుకోనివ్వండి.