కరువు సీమలో ఈత ఏంటికంటారా?

"తాగేదానికే నీళ్లు లేని అనంతపురంలో ఆడోళ్లకు ఈత క్లబ్బా వదినా?" మా వీధిలో పదిమందిమి కలిసి పిల్లలకీ మనకీ ఈత నేర్పే క్లబ్బు ఒకటి ఉండాలని అనుకున్న దగ్గర్నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. నవ్వి ఊరుకునే మాట కాదిది. జవాబు చెప్పాల్సిన మాటే.

మన జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే ఉంటుంది. నిజమే. కానీ నీళ్లు తక్కువైనంత మాత్రాన మునిగిపోయేవాళ్లు తక్కువవుతారా? గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లకు ఏరంటే ఏమిటో చిన్నప్పుడే తెలుస్తుంది. మన పిల్లలకు నీళ్లు కనబడేదే అరుదు. కనబడిన రోజు ఆగలేరు, దిగితే లోతు తెలియదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీల్లోకి వచ్చింది గుర్తుందా? కరువు జిల్లా కదా అని ఆ నీళ్లేమైనా మొహమాటపడ్డాయా?

ఇంకో సంగతి గమనించండి. మన నాన్నల కాలంలో ఊరి బయటి దిగుడు బావే ఈత బడి. నడుముకు తాడు, వీపుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి, పైన పెద్దాయన ఒకరు కూర్చుని నేర్పించేవారు. ఆ బడిలో ఎలాగూ ఆడపిల్లలకు చోటు లేదు. బోర్లు వందల అడుగుల లోతుకు పోయాక ఆ బావులే ఎండిపోయాయి. మగపిల్లల బడి కూడా మూతబడింది. నేర్పే నీళ్లు ఇలా పోతే, ముంచే నీళ్లు కొత్తగా వచ్చాయి. పొలాల్లో సేద్యపు కుంటలు తవ్వారు. చీనీ తోటల పక్కన నల్ల ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలు చూశారు కదా? అందులో జారిన బిడ్డకు పట్టుకోవడానికి చెట్టు వేరు కూడా దొరకదు. ఎక్కబోయినకొద్దీ కిందికే జారుతుంది. హంద్రీనీవా, హెచ్చెల్సీ కాలువలు మన పంటలకు ప్రాణం, కాదనను. కానీ సిమెంటు గట్టున్న చోట ఈత రాని మనిషి పడితే బయటికి రావడం చాలా కష్టం. నీళ్లు తెచ్చారు సరే, వాటి పక్కన బతకడం నేర్పించే పని ఎవరిది?

2022లో మన దేశంలో నీట మునిగి పోయినవాళ్లు 38 వేలకు పైనే. ఇవి ప్రభుత్వ లెక్కలే. అందులో మగవాళ్లే ఎక్కువ కదా అంటారేమో. అవును, నేర్వకుండా దిగేది వాళ్లే కాబట్టి. మరి ఇంట్లో అమ్మకు ఈత రాకపోతే, నీళ్లంటే ఆమెకే వణుకైతే, కొడుకును ఎవరు పంపిస్తారు నేర్చుకోమని?

"ఆడపిల్లకు ఈత ఏంటికి?" అనే అత్తలకు ఒక ప్రశ్న. కుంట దగ్గర బట్టలు ఉతికేది ఎవరు? మేకల్ని నీళ్లకు తోలుకుపోయేది ఎవరు? ఒకరు జారితే కాపాడదామని వెంట దూకి ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్త ఏటా పేపర్లో చదవడం లేదూ? నీళ్ల దగ్గర పనులన్నీ మనకు, ఈత మాత్రం మగవాళ్లకా? ఇదేం పంపకం?

సరే, ఇక నీళ్ల లెక్క. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు కొలనుకు 3 లక్షల లీటర్లు కావాలి. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు అరవై. చిన్న మాటేం కాదు. కానీ ఆ నీళ్లను రోజూ పారబోయరు, వడపోసి మళ్లీ వాడతారు. పైన నీడ వేసి, రాత్రి పట్టా కప్పితే ఆవిరయ్యేదీ తగ్గుతుంది. అదీ వద్దంటే బంగ్లాదేశ్‌ను చూడండి. అక్కడ ఊరి చెరువుల్లోనే వెదురు మంచెలు కట్టి నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఈత నేర్పిస్తున్నారు. కావాల్సింది పాలరాతి కొలను కాదు. నేర్పించాలన్న పట్టుదల, పక్కన కాపలా మనిషి.

ఉన్న కొలనుల తీరూ చెప్పుకోవాలి. మేము అడగబోయిన ఒకచోట ఆడవాళ్లకు ఇస్తామన్న సమయం మిట్టమధ్యాహ్నం! పొద్దునా సాయంత్రమూ మగవాళ్లకేనట. మన ఎండలో మధ్యాహ్నం నీళ్లలో దిగమంటే రావద్దని చెప్పినట్టే. ఒక్కరు అడిగితే ఇలాగే ఉంటుంది. డ్వాక్రా సంఘాలు నడిపిన ఆడవాళ్లం మనం. పదిహేను మంది పేర్లు రాసుకుని, నెల డబ్బు ముందే పోగు చేసి వెళ్లి అడగండి. పొద్దున ఒక గంట, నేర్పేది ఆడమనిషి, గట్టు మీద ప్రాణం కాపాడే మనిషి. ఈ మూడింట్లో దేన్నీ వదలొద్దు.

చేరాక ఇవి పాటించండి. చున్నీ, వదులు చుడీదార్ వద్దు. తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా కప్పే ఈత దుస్తులు దొరుకుతాయి, సిగ్గుపడే పనే లేదు. తలకు నూనె రాసుకుని దిగొద్దు. స్నానం చేసి, టోపీ పెట్టుకుని దిగండి. అడుగు కనబడనంత మురికిగా ఉన్న నీళ్లలో అసలు దిగొద్దు. ముందు వెల్లకిలా తేలడం నేర్చుకోండి, వేగం తర్వాత. చిన్నపిల్లలు చేయి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. వంతులవారీగా ఒకరు ఫోను పక్కనపెట్టి పిల్లల్నే చూస్తూ కూర్చోవాలి. మునిగేవాళ్లు అరుస్తారనుకోకండి, చాలాసార్లు చప్పుడే ఉండదు.

ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు. తాడు, కర్ర, చీర, మూత బిగించిన ఖాళీ బిందె, ఏది దొరికితే అది అందించండి. 2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర ముగ్గురు ఆడవాళ్లు తమ చీరలు విప్పి విసిరి ఇద్దరు యువకుల్ని ఒడ్డుకు లాగారు. మానం గురించి మాట్లాడేవాళ్లకు ఇంతకంటే జవాబేముంటుంది? బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం చేయొద్దు. 108కి ఫోను చేయించండి. ఊపిరి ఆడకపోతే నోటితో గాలి ఊది, ఛాతీ మధ్యలో 30 నొక్కులు, రెండు ఊపిరులు, అలా ఆపకుండా చేయాలి. ఇది క్లబ్బులో అందరికీ నేర్పించాల్సిన మొదటి పాఠం.

"ఈ వయసులోనా?" అంటారా? మన తెలుగావిడ గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో శ్రీలంక నుంచి రామేశ్వరం వైపు పాక్ జలసంధి ఈదారు. మనల్ని సముద్రాలు దాటమని ఎవరూ అడగడం లేదు. కుంటలో జారిన బిడ్డ గట్టుకు చేరితే చాలు. బోరు వేయడానికి లక్షలు అప్పు చేసే ఊరు మనది. బిడ్డకు ఈత నేర్పే నెల రుసుము దగ్గర మాత్రం లెక్కలు అడగొద్దు.