సామర్థ్యాన్ని చెప్పుకోవడం గర్వమా?

 

వైద్య పరిశోధన చేస్తున్న ఒక యువతి తండ్రి, బంగారుపాళ్యం వాస్తవ్యులు, మమ్మల్ని ఇలా అడిగారు: “హజ్రత్! అమెరికాలో ఉద్యోగానికి మా అమ్మాయి ‘అసాధారణ సామర్థ్యం’ వీసా పొందాలట. అందుకు ఆమె గొప్పతనాన్ని కాగితాలతో నిరూపించాలట. ఇది గర్వం కిందకు రాదా?” ఈ ప్రశ్న అనేక కుటుంబాలకు ఉపయోగపడుతుంది గనుక ఈ నెల దీనినే చర్చిద్దాము.

ముందుగా ఆ వీసా స్వరూపం. 1990 నాటి అమెరికా వలస చట్టం ఏర్పరచిన ఓ-1ఏ వీసా విజ్ఞానశాస్త్రం, విద్య, వ్యాపారం, క్రీడలలో అగ్రశ్రేణికి చేరిన కొద్దిమంది కోసం ఉద్దేశించినది. హెచ్-1బీకి ఉన్నట్లు దీనికి వార్షిక పరిమితి గాని, లాటరీ గాని లేదు. అభ్యర్థి స్వయంగా దరఖాస్తు చేయలేరు. అమెరికాలోని యజమాని లేదా ఏజెంటు చేయవలసి ఉంటుంది. మొదట గరిష్ఠంగా 3 సంవత్సరాలకు అనుమతి లభిస్తుంది. నోబెల్ స్థాయి పురస్కారం లేనివారు 8 ప్రమాణాలలో కనీసం 3 నెరవేర్చాలి. అవి: పురస్కారాలు, విశిష్ట సంఘాలలో సభ్యత్వం, తమ కృషిపై ప్రచురితమైన వ్యాసాలు, ఇతరుల పరిశోధనను పరిశీలించిన అనుభవం, మౌలికమైన ఆవిష్కరణలు, స్వీయ పరిశోధనా పత్రాలు, పేరున్న సంస్థలలో కీలక బాధ్యత, అధిక వేతనం. మూడు చూపినంత మాత్రాన వీసా ఖాయం కాదు. సాక్ష్యాలన్నింటినీ కలిపి తూచి అధికారులు నిర్ణయిస్తారు.

ఒకప్పుడు ఈ మార్గం కూడా లేదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో విద్యార్థిగా బోస్టన్ చేరారు. 1917 నాటి చట్టం భారతీయుల వలసను నిషేధించి, విద్యార్థుల వంటి కొందరికే మినహాయింపు ఇచ్చింది. కణానికి శక్తినిచ్చే ఏటీపీపై హార్వర్డ్‌లో జరిగిన పరిశోధనలో ఆయన పాత్ర ప్రధానమైనది. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లంపై, క్యాన్సర్ మందులపై, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్‌పై కృషి జరిగింది. ఏడాదికి 100 మంది భారతీయులకు ప్రవేశం కల్పిస్తూ, పౌరసత్వానికి దారి తెరిచిన చట్టం 1946లో గాని రాలేదు. 1948లో ఆయన అమెరికా పౌరుడు కాకుండానే మరణించారు. ఆనాటి చట్టం మనిషి పుట్టిన చోటును చూసింది. నేటి ఈ వీసా అతని పనిని చూస్తానంటోంది. చూపించడానికి అవకాశం దొరికినప్పుడు దాచుకోవడం వినయం అనిపించుకోదు.

దీనికి ఆధారం హజ్రత్ యూసుఫ్ (అ) వృత్తాంతంలో ఉంది. రానున్న కరవును ఎదుర్కోవడానికి దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని ఆయన రాజును కోరారు. తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని స్పష్టంగా చెప్పారు. ఆ మాటలో సత్యం ఉంది, ప్రజల ఆకలి తీర్చే సంకల్పం ఉంది. ఈ రెండూ ఉన్నచోట సామర్థ్యాన్ని తెలియజేయడం గర్వం కాదు. ఇతరులను చిన్నచూపు చూడటం, సత్యాన్ని తిరస్కరించడం గర్వమని దైవప్రవక్త (స) నిర్వచించారు.

అయితే అసలు పరీక్ష ఇక్కడి నుండే మొదలవుతుంది. డబ్బు పుచ్చుకొని పురస్కారాలిచ్చేవారు, పరిశోధనా పత్రాలు రాసి అమ్మేవారు లోకంలో ఉన్నారు. అభ్యర్థి తానే రాసుకొచ్చిన సిఫారసు లేఖపై చదవకుండా సంతకం చేసే పెద్దలూ ఉన్నారు. మన బంగారుపాళ్యం మామిడి మార్కెట్టులో పైన మేలైన తోతాపురి కాయలు పేర్చి, అడుగున దెబ్బతిన్న కాయలు పెడితే ఏమంటాము? మోసమే అంటాము. మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గమనించిన దైవప్రవక్త (స), మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. దరఖాస్తు కూడా ఒక రాశి వంటిదే.

సిఫారసు లేఖ ఒక షహాదత్, అంటే సాక్ష్యం. అబద్ధపు సాక్ష్యాన్ని మహాపాపాలలో లెక్కించేటప్పుడు దైవప్రవక్త (స) ఆనుకొని ఉన్నవారు లేచి కూర్చొని, ఆ మాటను పదే పదే చెప్పారు. కనుక సంతకం చేసేవారు తమకు తెలిసినంతే రాయాలి. లోక వ్యవహారంలోనూ దీని ఫలితం తీవ్రమే. వీసా కోసం కీలక విషయంలో తెలిసి అబద్ధమాడిన విదేశీయుడిని జీవితాంతం ప్రవేశానికి అనర్హుడిగా ప్రకటించే నిబంధన అమెరికా చట్టంలో ఉంది.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. పొరుగింటి పిల్లలతో పోల్చి మీ బిడ్డను తొందరపెట్టకండి. ఆమె పత్రాలలో తన పని ఎంత, సహచరుల పని ఎంత అన్నది వేరుగా రాయమనండి. ఆధారం చూపలేని వాక్యాన్ని తీసివేయమనండి. అలా తీసివేసిన తరువాత 3 ప్రమాణాలు నిలవకపోతే మరికొన్నేళ్లు పరిశోధన చేయనివ్వండి. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్, వీసా ఒక సాధనం మాత్రమే. నిలిస్తే సంకోచం లేకుండా ముందుకు పంపండి. రోగి బాధ తీర్చే జ్ఞానం ఒక అమానత్. అది ఏ దేశపు ప్రయోగశాలలో ఫలించినా మానవులందరికీ చెందుతుంది.

అల్లాహ్ మన సంతానానికి మేలు చేసే జ్ఞానాన్ని, ఆ జ్ఞానంతో పాటు సత్యసంధతను ప్రసాదించుగాక! ఆమీన్.