ఓడలకొక నీతి, వాడలకొక నీతియా?

విహారనౌకలలో వాంతులు, విరేచనములు గలిగించు నోరోవైరసును గూర్చి లోకమెల్ల నెరుగును. ఏల? అమెరికా రేవులకు బోవు నౌకలో ప్రయాణికులకుగాని సిబ్బందికిగాని నూటికి 3 వంతున రోగము సోకినచో అచ్చటి ప్రభుత్వశాఖ నౌక పేరుతో బ్రకటించును. 1975 నుండి తనిఖీయు గలదు.

సికింద్రాబాదు చెంత భోలక్‌పూరులో 2009 మే నెలలో కలుషితమైన కుళాయినీరు త్రావి పలువురు ప్రాణములు గోల్పోయిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. నీరు చెడినదని ప్రజలకు శవములా చాటవలసినది? 1897లో రాసు దొర దోమ కడుపున మలేరియా క్రిమిని గనుగొన్న నగరమిది! శాస్త్రమునకు గొరత లేదు, బాధ్యతకే కొరత. ధనికుని విహారమునకు గల రక్ష దరిద్రుని దాహమునకు వలదా?

పేటపేటకు నీటిపరీక్షల ఫలితములను, రోగుల సంఖ్యను జలమండలి వారమువారము బహిరంగముగ బ్రకటింపవలయును. ఇది మా యాచన కాదు, మా హక్కు.